కేప్ వెర్డే దీవులను ఆఫ్రికన్ డయాస్పోరాకు పుట్టిల్లు అనడం ఎంతవరకు నిజం?

మీ ప్రశ్నలో మూడు సందేహాలున్నాయి. పశ్చిమ ఆఫ్రికాకు ఎదురుగా అట్లాంటిక్‌లో ఉండి, పోర్చుగీసువారు వచ్చేనాటికి మనిషి జాడే లేని కేప్ వెర్డే దీవులను ఆఫ్రికన్ డయాస్పోరాకు, అంటే ఆఫ్రికా దాటి చెదిరిపోయిన ఆఫ్రికన్ సమాజాలకు, పుట్టిల్లు అని ఎలా అంటారన్నది ఒకటి. బానిసల ఓడలు ఆగి వెళ్ళిన మజిలీ కావడం తప్ప వాటికి వేరే పాత్ర ఉందా అన్నది రెండోది. అక్కడివారు నేటికీ తమను ఆఫ్రికన్లుగానే తలుస్తారా అన్నది మూడోది. నేను చరిత్ర చదువుకున్నవాడిని కాను. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రంలో చాలాకాలంగా ఉంటున్నాను. ఇక్కడి ప్రావిడెన్స్, పటకెట్ పట్టణాల్లో కేప్ వెర్డే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. నాతో కలిసి పనిచేసిన ఒకాయన వల్ల ఆ ఇళ్ళతో రాకపోకలు ఏర్పడి, ఒక వేసవిలో వాళ్ళతోపాటే కేప్ వెర్డేలోని శాంటియాగో దీవికి వెళ్ళాను. అక్కడ చూసినదానికి, ఆ ఆసక్తితో తరువాత చదివినదాన్ని జోడించి రాస్తున్నాను.

ముందుగా 'పుట్టిల్లు' అన్న మాటకు కొన్ని హద్దులు పెట్టుకోవాలి. ఆఫ్రికన్లు స్వదేశం దాటి వెళ్ళడం అట్లాంటిక్ వైపే మొదలుకాలేదు. తూర్పు ఆఫ్రికా నుంచి అరేబియాకు, అక్కడి నుంచి భారతదేశానికి అంతకు శతాబ్దాల ముందు నుంచే మనుషులను తరలించారు. దక్కనులో మలిక్ అంబర్ వంటివారు, ఆ తరువాతి కాలంలో హైదరాబాదులోని ఏసీ గార్డ్స్ పేటకు పేరునిచ్చిన ఆఫ్రికన్ కావల్రీ గార్డులు ఆ హిందూ మహాసముద్రపు కథకు చెందినవారు. అట్లాంటిక్ వైపు చూసినా, 1444లోనే పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ రేవులో 235 మంది బందీలను దింపి పంచుకున్నట్లు నాటి రాజాస్థాన చరిత్రకారుడే రాసిపెట్టాడు. కనుక కేప్ వెర్డే గురించి చేయదగిన వాదన ఇంతే: అమెరికా ఖండాలకు చేరిన ఆఫ్రికన్ సమాజాల కథ ఏ పద్ధతుల మీద నడిచిందో, ఆ పద్ధతుల్లో చాలావాటిని మొదట అమలుచేసి చూసింది ఈ దీవుల్లోనే. నా ఉద్దేశంలో ఈ వాదన నిలుస్తుంది.

సంఖ్యలు మాత్రమే చూస్తే నిలవదు. అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఆఫ్రికా తీరాల నుంచి ఓడలెక్కించినవారు సుమారు కోటీ పాతిక లక్షల మంది అని పరిశోధకుల అంచనా. వారిలో అత్యధికులు అంగోలా, కాంగో, బెనిన్ తీరాల నుంచి, అదీ 17, 18, 19 శతాబ్దాల్లో వెళ్ళినవారు. ఆ మహాప్రవాహంలో కేప్ వెర్డే వాటా చాలా చిన్నది. అయితే తేదీలు చూడండి. శాంటియాగో దీవిలో రిబైరా గ్రాండే అనే ఊరు వెలిసింది 1462లో. కొలంబస్ కరీబియన్ దీవులను చూడడానికి 30 ఏళ్ళ ముందు. అంటే అమెరికా అనే ఖండం ఒకటి ఉందని యూరప్‌కు తెలియక ముందే, ఆఫ్రికా నుంచి పెకలించి తెచ్చిన మనుషులతో నిండిన ఒక కొత్త సమాజం సముద్రం మధ్యలో ఏర్పడింది.

అది ఏర్పడిన తీరు తెలుసుకోదగ్గది. ఈ దీవులు సెనెగల్ తీరానికి సుమారు 570 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. మొత్తం పది దీవులు. నీరు తక్కువ, వాన నమ్మలేనిది. పోర్చుగల్ నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడేవారు దొరకరు. జెనోవాకు చెందిన ఆంటోనియో ద నోలీ తొలి వలసను నడిపిన తరువాత కూడా జనం రాకపోవడంతో, 1466లో పోర్చుగల్ రాజు ఒక ఆశ చూపించాడు: శాంటియాగోలో కాపురముండేవారు ఎదురుగా ఉన్న గినియా తీరంలో బానిస వ్యాపారం చేసుకోవచ్చని ప్రత్యేక హక్కు ఇచ్చాడు. ఆ హక్కు వల్ల తన ఆదాయానికి గండి పడుతోందని గ్రహించి 1472లో ఒక షరతు పెట్టాడు: తీరానికి తీసుకువెళ్ళే సరుకు దీవుల్లో పండినదో తయారైనదో అయి ఉండాలి, కొన్న బానిసలను కూడా దీవుల్లోని పనికే వాడుకోవాలి.

నా దృష్టిలో ఈ షరతే మొత్తం కథకు కీలకం. ఇక దీవులవాళ్ళు ఏదో ఒకటి పండించక తప్పదు, పండించడానికి చేతులు కావాలి, ఆ చేతులు తీరం నుంచే రావాలి. అలా వచ్చినవారితో గుర్రాలను పెంచారు, ఉప్పు తీశారు, మేకలను మేపి తోళ్ళు ఎగుమతి చేశారు, ఫోగో, శాంటియాగో దీవుల్లో పత్తి, నీలిమందు వేశారు. తొలి రోజుల్లో సెనెగల్ తీరంలో ఒక మేలైన గుర్రానికి పదిమంది మనుషుల దాకా ఇచ్చేవారట. పట్టుకువచ్చిన మనుషుల చేత, మరింతమందిని కొనడానికి కావలసిన సరుకును తయారు చేయించే ఈ చక్రం తరువాతి కాలంలో అట్లాంటిక్ అంతటా వేరు వేరు రూపాల్లో తిరిగింది. ఇక్కడ దాని ఇరుసు చక్కెర కాదు, బట్ట.

ఆ బట్టను అక్కడ పానో అంటారు. ప్రధాన భూభాగం నుంచి తెచ్చినవారిలో మంచి నేతగాళ్ళు ఉండేవారు. వాళ్ళ సన్నటి మగ్గం మీద జానెడు వెడల్పుకు మించని పట్టీ మాత్రమే వస్తుంది. అలాంటి ఆరు పట్టీలను అంచులు కలిపి కుడితే ఒక పానో అవుతుంది. నేటి రాజధాని ప్రాయా నగరంలోని మ్యూజియంలో పాత పానోను దగ్గరగా చూశాను. నీలిమందు ముంచి ముంచి దాదాపు నల్లబడిన నూలు మీద తెల్లని జ్యామితి గళ్ళు ఎంత ఖచ్చితంగా పడ్డాయంటే, పట్టీకీ పట్టీకీ మధ్య కుట్టు ఎక్కడుందో వెతకవలసి వచ్చింది. గినియా తీరంలో ఈ బట్ట నాణెంలా చెల్లేది. దీన్ని విదేశీ ఓడలకు అమ్మితే తమ వ్యాపారం దెబ్బతింటుందని, 17వ శతాబ్దం చివరలో పోర్చుగీసు ప్రభుత్వం అలా అమ్మినవారికి మరణశిక్ష దాకా ప్రకటించింది. ఇంగ్లీషు, ఫ్రెంచి, డచ్చి వ్యాపారులు మాత్రం కొంటూనే ఉన్నారు. (18వ శతాబ్దంలో మన కోరమాండల్ తీరపు నూలుబట్టలు కూడా యూరప్ కంపెనీల చేతుల మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు చేరి ఇదే కొనుగోళ్ళలో మారకపు సరుకయ్యాయి. మన నేతగాళ్ళకు ఆ గమ్యం తెలిసే వీలే లేదు.)

పానో కథ మ్యూజియంతో ముగియలేదు. పటకెట్‌లో మా సహోద్యోగి ఇంట్లో ఒక బాప్తిస్మం విందుకు వెళ్ళినప్పుడు బతుకు అనే పాటను మొదటిసారి విన్నాను. తెలుగు చెవికి ఆ పేరు ఎలా వినిపించిందో వేరే చెప్పనక్కరలేదు, కాని రెండింటికీ ఏ సంబంధమూ లేదు. ఆడవాళ్ళు అర్ధవలయంగా కూర్చుని, గట్టిగా చుట్టిన గుడ్డల మూటను తొడల మధ్య ఇరికించుకుని అరచేతులతో దరువు వేస్తారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవారు అందుకుంటారు. దరువు వేగం పుంజుకున్నాక ఒకరు లేచి, నడుముకు పానో బిగించి కట్టుకుని ఆడతారు. చర్చి, వలస ప్రభుత్వం దీన్ని అనాగరికమని చాలాకాలం అణచివేశాయి. ఆ మూట మీద చేతులు పడుతున్నప్పుడు, ఆ ఇంటి పెద్దావిడ ముందుకు వాలి, కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో మందంగా, కుడిచేత్తో చురుకుగా రెండు వేర్వేరు లయలు వేయడం గమనించాను. పక్కనున్న మనవరాలు అదే లయ పట్టలేక నవ్వుతూ మధ్యలో వదిలేసింది.

ఇక మీ రెండో సందేహానికి వస్తాను. రిబైరా గ్రాండేను ఇప్పుడు సిదాదె వెల్యా అంటారు. ప్రాయా నుంచి 15 కిలోమీటర్ల దూరం, అద్దె వ్యాన్లలో వెళ్ళవచ్చు. 2009లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ ప్రదేశాల జాబితాలో చేర్చింది. నల్లరాళ్ళ తీరం మీద చేపల పడవలు ఒడ్డుకు లాగి ఉంటాయి, దానికి ఎదురుగా ఊరి నడిబొడ్డున ఒక పాలరాతి స్తంభం ఉంటుంది. శిక్షపడ్డ బానిసలను అందరూ చూసేలా కట్టి కొట్టిన చోటు అది. దాని పక్కనే కుర్చీలు వేసుకుని జనం కాఫీ తాగుతుంటారు. కొంచెం లోపలికి నడిస్తే 1495 నాటి రొజారియో మాత చర్చి ఉంది. ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి, నేల నిండా పాత సమాధి పలకలు. నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ చర్చి.

ఎందుకంటే ఈ ఊరు గోదాము మాత్రమే కాదు. తీరం నుంచి తెచ్చినవారిని ఇక్కడ కొంతకాలం ఉంచి, బాప్తిస్మమిచ్చి, క్రైస్తవ పేరు పెట్టి, నాలుగు పోర్చుగీసు మాటలు నేర్పి, పనికి అలవాటు చేసి అమ్మేవారు. అలా తయారైనవారిని లాదీనోలు అనేవారు. తీరం నుంచి నేరుగా వచ్చినవారికంటే వీరికి ధర ఎక్కువ. రాజుకు సుంకం ఇక్కడే కట్టాలి. 1513 నుంచి కొన్నేళ్ళపాటు శాంటియాగో సుంకపు కచేరీలో రాసిన ఆదాయ పుస్తకం నేటికీ మిగిలి ఉంది. లైసెన్సు, సుంకం, బాప్తిస్మం, కొత్త పేరు, ధరల్లో తరగతులు: ఒక మనిషిని సరుకుగా మార్చే కార్యాలయ పద్ధతంతా ఇక్కడ స్థిరపడింది. 1518లో స్పెయిన్ రాజు ఐదవ చార్లెస్ 4,000 మంది ఆఫ్రికన్లను యూరప్‌కు తీసుకురాకుండా నేరుగా అమెరికాకు చేరవేయడానికి అనుమతి ఇచ్చినప్పుడు, అందుకు కావలసిన యంత్రాంగం ఈ దీవుల్లో అప్పటికే సిద్ధంగా ఉంది.

దాని ముద్ర అవతలి ఒడ్డున కూడా కనిపిస్తుంది. 1521 క్రిస్మస్ రోజుల్లో కరీబియన్‌లోని హిస్పానియోలా దీవిలో కొలంబస్ కొడుకు డియేగో చెరకుతోటలో తిరగబడినవారిలో ముఖ్యులు వోలోఫ్‌లు, అంటే కేప్ వెర్డేకు ఎదురుగా ఉన్న తీరంవారు. అమెరికాలో ఆఫ్రికన్ బానిసల తొలి పెద్ద తిరుగుబాటు అదే. దానితో బెదిరిన స్పెయిన్ వోలోఫ్‌లను, లాదీనోలను పంపవద్దని తరువాతి ఏళ్ళలో ఉత్తర్వులు జారీచేసింది. మరో శతాబ్దం గడిచాక, కొలంబియా తీరంలోని కార్టహేనా రేవులో పనిచేసిన జెస్యూట్ అనే కేథలిక్ సంఘానికి చెందిన పాద్రీ అలోన్సో దె సాందోవాల్ 1627లో అచ్చువేసిన గ్రంథంలో, ఓడలు ఎక్కడి నుంచి వస్తున్నాయో చెబుతూ గినియా నదులు, కేప్ వెర్డే, సావో టోమే, లువాండా అని విడివిడిగా వివరించాడు. ఆ జాబితాలో ఒక చిన్న దీవుల గుంపుకు అంత చోటు దక్కింది.

సావో టోమే పేరు వచ్చింది గనుక ఒక మాట. అది కూడా నేడు ద్వీపదేశమే, అదీ మనుషులు లేని దీవే. వానలు బాగా కురిసే ఆ దీవిలో 16వ శతాబ్దంలో బానిసలతో నడిచిన చెరకుతోటలే తరువాత బ్రెజిల్‌లో విస్తరించిన తోటల పద్ధతికి నమూనా. చక్కెర కోణంలో చూసేవారు అందుకే సావో టోమేకే పెద్దపీట వేస్తారు. సమాజం ఏర్పడిన కోణంలో చూస్తే నేను కేప్ వెర్డే వైపే మొగ్గుతాను.

ఆ సమాజం సంగతి చూద్దాం. 1582 నాటి ఒక నివేదిక ప్రకారం శాంటియాగో, ఫోగో దీవుల్లో కలిపి సుమారు 15,700 మంది ఉంటే, వారిలో 13,700 మంది బానిసలు. వోలోఫ్, మాండింకా, బియఫాడా, పాపెల్, బలాంట ఇలా ఒకరి భాష ఒకరికి రాని జాతులవారు. యూరప్ నుంచి ఆడవాళ్ళు దాదాపు రాలేదు. ఇప్పటి దీవులవారిపై జరిగిన జన్యు పరిశోధనల్లో తల్లివైపు వారసత్వం దాదాపు పూర్తిగా పశ్చిమ ఆఫ్రికాదిగా, తండ్రివైపుది పెద్ద భాగం యూరప్‌దిగా తేలింది. ఆ ఇళ్ళలో ఎవరి మీద ఎవరికి అధికారం ఉండేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అటువంటి చోట పోర్చుగీసు, ఆఫ్రికన్ భాషల కలయికతో పుట్టిన క్రియోలు భాష, నేడు ప్రపంచంలో మాట్లాడుతున్న క్రియోల్ భాషల్లో అత్యంత పాతవాటిలో ఒకటి. అమెరికా దీవుల్లో తరువాత జరిగిన కలయికలన్నీ ఇక్కడ ఒక తరం, రెండు తరాలు ముందుగా జరిగాయి.

తప్పించుకుని పోవడం కూడా ఇక్కడ జరిగింది. 1585లో ఇంగ్లీషు దొంగల నాయకుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఊరి మీద పడి తగలబెట్టిన తరువాత, కొండ మీద సావో ఫిలిపె కోటను కట్టారు. మేము ఆ కోట మీదికి వెళ్ళినప్పుడు మా సహోద్యోగి మేనమామ సముద్రం వైపు చూడమనలేదు, వెనక్కు తిరిగి చూడమన్నాడు. అటు లోయలో మామిడి చెట్లు, చెరకు మడులు. వాటి వెనుక పొడి కొండలు ఒకదాని మీద ఒకటి. "ఫిరంగులు అటు గురిపెట్టినా, దొరల భయమంతా ఇటే," అన్నాడాయన. ఓడదొంగలు వచ్చినప్పుడల్లా యజమానులు పారిపోయేవారు, సందు చూసుకుని బానిసలు కొండల్లోకి వెళ్ళిపోయేవారు. దీవి లోపలి పల్లెలు చాలావరకు అలా నిలదొక్కుకున్నవే. ఆయన పుట్టింది కూడా అలాంటి ఒక పల్లెలోనే. ఆ కోటకు స్పెయిన్ సాయంతో మరమ్మతులు చేశారన్న బోర్డు చదివి వినిపించి, వ్యాపారంలో వాళ్ళ వాటా ఇన్నాళ్ళకు తిరిగి వచ్చిందని చమత్కరించాడు.

రిబైరా గ్రాండే వైభవం ఎక్కువకాలం సాగలేదు. అంగోలాలోని లువాండా వంటి రేవుల నుంచి ఓడలు నేరుగా అమెరికాకు వెళ్ళసాగాయి. దీవుల నుంచే తీరానికి వెళ్ళి స్థానిక ఆడవాళ్ళను పెళ్ళాడి మధ్యవర్తులుగా స్థిరపడ్డ లన్సాదోలు శాంటియాగోలో సుంకం కట్టకుండానే వ్యాపారం నడిపారు. 1712లో ఫ్రెంచివాళ్ళు ఊరిని మళ్ళీ దోచారు; 1770లో రాజధాని ప్రాయాకు మారింది. 1836లో పోర్చుగల్ తన బానిసల ఎగుమతిని నిషేధించాక కూడా దొంగచాటు వ్యాపారం సాగింది. 1842 నాటి ఇంగ్లీషు-పోర్చుగీసు ఒప్పందం కింద పట్టుబడ్డ ఓడలను విచారించడానికి బోవా విస్తా దీవిలో ఒక న్యాయస్థానం కూడా పెట్టవలసి వచ్చింది.

ఆ తరువాతి మలుపు నాకు మా ఊళ్ళోనే కనిపిస్తుంది. 18వ శతాబ్దం చివరి నుంచి పొరుగున మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్, నాంటకెట్ రేవుల తిమింగలాల వేట ఓడలు నీళ్ళకూ ఉప్పుకూ ఆగి, కూలి తక్కువకు దొరుకుతారని బ్రావా, ఫోగో దీవుల యువకులను ఎక్కించుకునేవి. వాళ్ళలో కొందరు ఇక్కడే దిగిపోయారు. వేట తగ్గాక పాత ఓడలను దీవులవాళ్ళే కొని మనుషులనూ సరుకులనూ చేరవేశారు. అలాంటి ఓడల్లో ఎర్నెస్టీనాను కేప్ వెర్డే 1982లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. ఆఫ్రికా నుంచి సంకెళ్ళు లేకుండా తమంతట తాము అమెరికాకు తరలివచ్చిన తొలి పెద్ద సమూహం వీరేనని అంటారు. 'తమంతట తాము' అన్న మాటను కొంచెం సందేహంతోనే తీసుకోవాలి. 1941-43, 1947-48 కరువుల్లో దీవుల్లో వేలాదిమంది ఆకలితో చనిపోయారు, పోర్చుగల్ సాయం చేయలేదు. బతకాలంటే ఉన్న దారుల్లో ఒకటి కాంట్రాక్టు కూలీలుగా సావో టోమే కోకో తోటలకు పోవడం. ఒకనాటి బానిసల మనవలు మరో దీవికి మళ్ళీ ఓడెక్కారు. ఇటు వచ్చినవారు కేప్ కాడ్ క్రాన్‌బెర్రీ మడుల్లో వంగి కాయలు ఏరారు, ప్రావిడెన్స్ ఫాక్స్ పాయింట్ రేవులో బరువులు మోశారు. నేడు దీవుల్లో సుమారు 5 లక్షలమంది ఉంటే, బయట ఉన్నవారు అంతకంటే ఎక్కువేనన్న అంచనా ఉంది.

చివరిగా, వాళ్ళు తమను ఆఫ్రికన్లుగా తలుస్తారా అన్న మీ మూడో ప్రశ్న. దీనికి ఒక్క జవాబు దొరకదు. పోర్చుగల్ పాలన నుంచి విముక్తి కోసం అమిల్కార్ కబ్రాల్ నడిపిన పోరాటం గినియా-బిస్సావునూ కేప్ వెర్డేనూ ఒకే జాతిగా చూసింది. ఆయనను 1973 జనవరి 20న పొరుగుదేశం గినియా రాజధాని కొనాక్రీలో హత్యచేశారు. 1975 జూలై 5న దీవులకు స్వాతంత్ర్యం వచ్చాక రెండు దేశాలనూ ఒకే పార్టీ పాలించింది. 1980లో బిస్సావులో జరిగిన సైనిక కుట్రతో ఐక్యత ఆలోచన ఆగిపోయింది. దీవుల్లోనూ తేడా ఉంది: శాంటియాగోవారు ఆఫ్రికా అన్న మాటను తేలికగా స్వీకరిస్తారు, ఉత్తర దీవులవారిలో కొందరు తమది వేరే గుర్తింపు అంటారు. ఇక్కడ రోడ్ ఐలండ్‌లో పాత తరంవాళ్ళు చాలామంది పోర్చుగీసువారమని చెప్పుకునేవారు. జాతి వివక్ష ఉన్న దేశంలో దానికి కారణం ఊహించడం కష్టం కాదు. మా సహోద్యోగి ఇంట్లో క్రితం జనగణన ఫారం నింపేటప్పుడు ఆయన తల్లి 'ఇతర' అన్న గడిలో కేప్ వెర్డియన్ అని చేత్తో రాయించింది, ఆయన 'నల్లజాతి' గడిలో గుర్తు పెట్టాడు, కాలేజీలో చదువుతున్న కూతురు రెండూ పెట్టింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక గంటసేపు దాని మీద వాదించుకున్నారు.